గోదావరి 48 అడుగులు దాటింది: ఆ కబురు ఫోను దాకా సరిగ్గా చేరే దారి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడు అంకెలూ అక్కడ బడిపిల్లల్ని అడిగినా చెబుతారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు చూసిన ఊరది. అక్కడ ఎవరికీ అంకె గురించి పాఠం అక్కర్లేదు. నీరు దాన్ని దాటిందన్న కబురు ఏ గంటకు, ఏ మాటల్లో, ఏ వాడకు చేరుతుందన్నదే అసలు పని.

వంతెన కింద కొలత దగ్గర మొదలై ఫోను తెర మీద ఆగే ఆ దారిని కట్టుకునే పద్ధతి ఇది. కంట్రోల్ రూముల్లో పనిచేసేవాళ్లకీ, వాళ్లకు సాఫ్ట్‌వేర్ రాసిపెట్టేవాళ్లకీ పనికొస్తుంది. వాలంటీర్లు మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి: ప్రమాద హెచ్చరికను ప్రకటించే అధికారం ఉన్నవాళ్లు వేరే ఉన్నారు. మీ పని వాళ్లు ప్రకటించినదాన్ని వేగంగా, చెడగొట్టకుండా చేరవేయడం. సొంతంగా రెండో హెచ్చరిక పుట్టిస్తే జనం రెండింటినీ నమ్మరు.

కొలత దగ్గరే తప్పు పడితే

వంతెనకు బిగించే సెన్సర్లలో అల్ట్రాసోనిక్ చవక, రాడార్ ఖరీదు. గోదావరి లాంటి నదికి రాడారే పెట్టండి. అల్ట్రాసోనిక్ ధ్వని వేగాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. గాలి 10 డిగ్రీలు వేడెక్కితే ఆ వేగం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. నీరు సెన్సర్‌కి 10 మీటర్ల కింద ఉంటే అదొక్కటే 17 సెంటీమీటర్ల తేడా తెస్తుంది. ఉష్ణోగ్రత సవరణ లేని పరికరమైతే నీరు కదలకపోయినా మధ్యాహ్నానికి అరడుగు పెరిగినట్టు చూపిస్తుంది.

సెన్సర్ చెప్పేది తన మూతి నుంచి నీటికి ఉన్న దూరం. జనానికి కావాల్సింది ఘాట్ దగ్గరి కొలబద్ద మీది అడుగులు. కొలబద్ద లెక్కలో సెన్సర్ మూతి 85 అడుగుల ఎత్తున ఉందనుకోండి. దూరం 11.28 మీటర్లు వచ్చింది, అంటే 37 అడుగులు. 85లోంచి 37 తీసేస్తే నీటిమట్టం 48. ఆ 85 అన్న అంకెను సర్వేయర్ చేత లెవెల్ పట్టించి రాయించుకోండి, ఏటా వానాకాలం ముందు మళ్లీ చూపించండి. కేంద్ర జలసంఘం మట్టాలను సముద్రమట్టం నుంచి మీటర్లలో ఇస్తుంది. ఆ అంకెను 3.28తో గుణించి కొలబద్ద అడుగులనుకుంటే పెద్ద పొరపాటు. రెండింటికీ సున్నా ఒకచోట లేదు.

మామూలు రోజుల్లో 15 నిమిషాలకు ఒక కొలత చాలు, 40 అడుగులు దాటాక 5 నిమిషాలకు ఒకటి. ప్రతి కొలతకీ అర నిమిషంలో 15 సార్లు చదివి, వాటిని వరసలో పేర్చి నడిమిది తీసుకోండి. సగటు వద్దు. వరదలో చెట్లు, గడ్డివాములు కొట్టుకొస్తాయి. ఒక దుంగ సెన్సర్ కిందుగా పోతే సగటు ఎగిరిపడుతుంది, నడిమి అంకె కదలదు.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు: సెన్సర్ చచ్చిపోయినా పాత అంకె తెర మీద ఉండిపోవడం. కేబుల్ తెగింది, బ్యాటరీ అయిపోయింది, మోడెమ్ మునిగింది. తెర మీద మాత్రం 47.2 అలాగే మెరుస్తూ ఉంటుంది. చూసేవాడు నది నిలకడగా ఉందనుకుంటాడు. అందుకని ప్రతి అంకె పక్కనా కొలిచిన సమయం ఉండాలి. రెండు కొలతలు వరసగా రాకపోతే అంకె తీసేసి ‘సమాచారం లేదు’ అని పడాలి. గంటసేపు మిల్లీమీటరు కూడా మారకుండా ఒకే అంకె వస్తున్నా అనుమానించండి. వరద గోదావరి అంత కుదురుగా ఉండదు. ప్రకటనకు ముందు కొలబద్ద దగ్గరున్న మనిషి చేత ఫోటో తెప్పించుకోవడం మానొద్దు. టార్చిలైటు పట్టుకుని మెట్ల మీద నిలబడే ఆ మనిషే ఈ మొత్తం ఏర్పాటులో రెండో సాక్షి.

హెచ్చరిక ఎక్కించడానికీ దించడానికీ ఒకే గీత పెట్టొద్దు. నీరు 43.0 చుట్టూ ఊగుతుంటే రాత్రంతా ‘ప్రకటన, ఉపసంహరణ, ప్రకటన’ అంటూ ఫోన్లు మోగుతాయి. 43.0 తాకగానే ఎక్కించండి. దించడానికి మాత్రం 42.5 కిందికి వచ్చి రెండు గంటలు నిలవాలని నియమం పెట్టుకోండి.

క్యాప్ ఫైలు

కొలత నుంచి జనం దాకా వెళ్లే మధ్యలో ఒక ఉమ్మడి భాష ఉంది. దాని పేరు కామన్ అలర్టింగ్ ప్రోటోకాల్, వాడుకలో క్యాప్. కంప్యూటర్ సమాచార ప్రమాణాలు రూపొందించే ఒయాసిస్ సంస్థ ఖరారు చేసిన ప్రమాణం ఇది. ఇప్పుడు నడుస్తున్నది 2010 నాటి 1.2 వెర్షన్. మన దేశంలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కోసం కేంద్ర ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ తయారుచేసిన హెచ్చరికల వేదిక ‘సచేత్’ దీని మీదే నడుస్తుంది. వాతావరణ శాఖ, జలసంఘం, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వంటివి ఇచ్చే హెచ్చరికలన్నీ ఈ అచ్చులోనే వస్తాయి. ఒక్కసారి క్యాప్‌లో సరిగ్గా రాస్తే ఎస్సెమ్మెస్, సెల్ బ్రాడ్‌కాస్ట్, యాప్, సైరన్ అన్నీ అందులోంచే తీసుకుంటాయి. తప్పు రాసినా అంతే, అన్నిచోట్లా అదే తప్పు.

నీరు 48 దాటి, లోతట్టు కాలనీల్ని ఖాళీ చేయించే సందేశానికి ముఖ్యమైన గడులు ఇలా ఉంటాయి:

స్టేటస్: యాక్చువల్
మెసేజ్ టైప్: అలర్ట్
స్కోప్: పబ్లిక్
కేటగిరీ: మెట్ (వాతావరణం, వరద)
రెస్పాన్స్ టైప్: ఎవాక్యుయేట్
అర్జెన్సీ: ఎక్స్‌పెక్టెడ్
సివియరిటీ: సివియర్
సర్టెనిటీ: అబ్జర్వ్‌డ్

చివరి మూడింటినీ జనం కలిపేస్తుంటారు. అర్జెన్సీ అంటే ఎంత త్వరగా కదలాలి: ‘ఇమీడియట్’ అంటే ఇప్పుడే, ‘ఎక్స్‌పెక్టెడ్’ అంటే గంటలోపు. సివియరిటీ అంటే దెబ్బ ఎంత పెద్దది. 43కి ‘మోడరేట్’, 48కి ‘సివియర్’, 53కి ‘ఎక్స్‌ట్రీమ్’ అని ముందే ఖాయం చేసి గోడకు అంటించండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాడికి ఆ చర్చ మిగల్చొద్దు. సర్టెనిటీ అంటే ఎంత నమ్మకం. నీరు గీత దాటేసింది గనక ‘అబ్జర్వ్‌డ్’. ఎగువన కాళేశ్వరం, పేరూరు కొలతల్ని బట్టి రేపు దాటుతుందని అంచనా అయితే ‘లైక్లీ’, అంటే సగానికి పైగా అవకాశం ఉందని.

సమయం గడిలో చాలామంది డెవలపర్లు బోల్తా పడతారు. క్యాప్ 1.2లో టైమ్‌జోన్‌కి ‘జెడ్’ అక్షరం వాడకూడదు. మన సమయమైతే చివర +05:30 ఉండాలి, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అయితే -00:00. సర్వరు యూటీసీలో ఉండి, దాని గంటనే మన టైమ్‌జోన్‌తో అచ్చువేస్తే, రాత్రి 9కి ముగియాల్సిన హెచ్చరిక మధ్యాహ్నం మూడున్నరకే చచ్చిపోతుంది. ముగింపు సమయాన్ని, అంటే ‘ఎక్స్‌పైర్స్’ గడిని, ఖాళీగా వదిలితే మరో గొడవ: వారం కిందటి వరద యాప్‌లో ఇంకా ఎర్రగా కనబడుతూనే ఉంటుంది. నది హెచ్చరికకు 6 నుంచి 12 గంటలు పెట్టి, అవసరమైతే కొత్త సందేశంతో పొడిగించండి.

ప్రాంతం గీసేటప్పుడు క్యాప్‌లో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. మ్యాపు సాఫ్ట్‌వేర్లలో వాడే జియోజేసన్‌లో సరిగ్గా తిరగబడి ఉంటుంది. భద్రాచలం 17.67, 80.89. మార్చకుండా అతికిస్తే మీ వరద హెచ్చరిక స్వాల్‌బార్డ్‌కి ఉత్తరాన ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. అక్కడి ధ్రువపు ఎలుగుబంట్లు అప్రమత్తమవుతాయి. మొదటి బిందువూ చివరి బిందువూ ఒకటే అయి గీత మూసుకోవాలి, బిందువులు కనీసం నాలుగుండాలి. దశాంశం తర్వాత నాలుగు అంకెలంటే 11 మీటర్ల నికరం, అంతకు మించి అక్కర్లేదు. రెవెన్యూ సరిహద్దు ఫైలులోని వేల బిందువుల్ని తెచ్చి కుమ్మరించొద్దు, ముప్పై నలభై చాలు.

గీతను జిల్లా సరిహద్దు దగ్గర ఆపేయకండి. భద్రాచలం తెలంగాణలో ఉంది, ఆనుకునే ఉన్న ఎటపాక 2014 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. ఎదుటి ఒడ్డున సారపాక. కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. గోదావరి పోటు మీదుంటే శబరి నీరు పోయే దారి లేక వెనక్కి ఎగదన్ని, నది ఒడ్డున లేని ఊళ్లను కూడా ముంచుతుంది. కాబట్టి బహుభుజిని నీరు పోయే తీరు చూసి గీయాలి. పక్క రాష్ట్రం కంట్రోల్ రూముతో ఆ గీతను వానలకు ముందే ఒప్పించుకుని ఉంచండి.

నీరు 50కి పెరిగితే కొత్త ‘అలర్ట్’ వేయొద్దు, ‘అప్‌డేట్’ వేయండి. ‘రెఫరెన్సెస్’ గడిలో పాత సందేశపు సెండర్, ఐడెంటిఫైయర్, పంపిన సమయం ఈ వరసలో, మధ్యలో కామాలతో, ఖాళీలు లేకుండా ఉండాలి. ఐడెంటిఫైయర్‌లోనే ఖాళీయో కామాయో ఉంటే ఈ గొలుసు తెగుతుంది, రెండు హెచ్చరికలూ విడివిడిగా బతుకుతాయి. తీసుకునే వైపు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు అన్నిటికన్నా ముందు స్టేటస్ చదవండి. ‘టెస్ట్’, ‘ఎక్సర్‌సైజ్’ అని ఉన్నవి జనానికి పోకూడదు. హెచ్చరికలు వరసగా వచ్చే ఫీడ్‌ని నిమిషానికొకసారి చూస్తే చాలు, మారితేనే పంపమని ఈ-ట్యాగ్‌తో (ఫైలు మారిందో లేదో తెలిపే గుర్తు) అడగండి.

తెలుగు సందేశానికి 70 గడులు

ఎస్సెమ్మెస్ మోసే బరువు 140 బైట్లు. ఇంగ్లిష్ అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు గుర్తు ఒక్కటి చేరినా సందేశమంతా యూనికోడ్‌కి మారి 70కి దిగిపోతుంది. 70 దాటితే ముక్కలవుతుంది, అప్పుడు ముక్కకు 67 మాత్రమే, మిగతా చోటు ముక్కల్ని కలిపే తలకట్టుకు పోతుంది. ఈ 70 మనం పలికే అక్షరాలు కాదు, యూనికోడ్ గుర్తులు. ‘శ్రీ’ మనకు ఒక అక్షరం, ఫోనుకు నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. ‘భద్రాచలం’ 8, ‘గోదావరి’ 7, ‘అడుగులు’ 7.

ఆఫీసుల్లో అలవాటుగా రాసే సందేశం ఇలా ఉంటుంది:

దయచేసి గమనించగలరు: గోదావరి నది నీటిమట్టం క్రమేపీ పెరుగుతున్నందున లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండవలసిందిగా కోరడమైనది.

లెక్కపెడితే 124 గుర్తులు, అంటే రెండు ముక్కలు. మొదటి ముక్క సరిగ్గా ‘పెరుగుతున్నందున లో’ దగ్గర తెగుతుంది. నెట్‌వర్క్ బలహీనంగా ఉండి రెండోది రాకపోతే చదివేవాడికి మిగిలేది ‘లో’. రెండు ముక్కలూ వచ్చినా ఎక్కడ, ఎన్ని అడుగులు, ఎప్పటిలోపు, ఎక్కడికి అన్న నాలుగు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు. దాని బదులు:

భద్రాచలం గోదావరి 48 అడుగులు. రాత్రి 9 లోపు హైస్కూలుకు చేరండి.

ఇది 61. ఇంకా తొమ్మిది గడులు మిగిలాయి. గౌరవవాచకాలు లేవని ఎవరూ నొచ్చుకోరు. ‘చేరండి’లోని ‘అండి’ చాలు. క్యూసెక్కులు జనానికి పంపే సందేశంలో వద్దు, అవి బ్యారేజీ ఇంజినీర్ల లెక్క. అడుగులు కూడా తెలిసిన గుర్తుతో జతపడితేనే పని చేస్తాయి. ఎన్ని అడుగులకు ఏ రోడ్డు, ఏ కల్వర్టు, ఏ వాడ మునుగుతుందో పాత వరదలు చూసిన పెద్దల్ని అడిగి పట్టిక రాసుకోండి. సందేశంలోని ఊరి పేర్లు అందులోంచే రావాలి.

గడులు ఎందుకంత పొదుపు? లెక్క చూడండి. 2 లక్షల నంబర్లు, సెకనుకు 100 సందేశాలు వదిలే గేట్‌వే. ఒక ముక్క అయితే దాదాపు 33 నిమిషాలు, రెండు ముక్కలైతే 67. రాత్రి 9 లోపు కదలమని చెప్పే సందేశానికి ఆ అరగంట తక్కువేం కాదు.

కంటికి కనబడని గుర్తులు కూడా గడులు తింటాయి. ‘ఫోన్‌లో’ అని పొల్లును విడిగా నిలబెట్టడానికి తెలుగు కీబోర్డులు మధ్యలో ఒక శూన్యవెడల్పు గుర్తు పెడతాయి. తెర మీద కనబడదు, లెక్కలో ఉంటుంది. ఎమోజీలు చాలావరకు రెండేసి గడులు తింటాయి. ఐత్వం మరీ చిత్రం: యూనికోడ్‌లో అది ఒకే గుర్తుగానూ రాయొచ్చు, ఎత్వం కింద మరో గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. చూడ్డానికి ‘హైస్కూలు’ రెండూ ఒకటే, కంప్యూటరుకు వేర్వేరు. పంపేముందు వాక్యాన్ని ఎన్ఎఫ్‌సీ రూపానికి (ఇలాంటి జంట గుర్తుల్ని ఒకటిగా కలిపే యూనికోడ్ పద్ధతి) మార్చే ఒక వరుస కోడ్ తప్పకుండా పెట్టండి.

బల్క్ ఎస్సెమ్మెస్‌కి ఇది ఇంకా ముఖ్యం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం సందేశపు మూసను ముందే టెలికాం కంపెనీల నమోదు వేదిక డీఎల్‌టీలో నమోదు చేయించుకోవాలి. పంపే సందేశం ఆ మూసతో గుర్తుకు గుర్తు సరిపోవాలి. కనబడని గుర్తు ఒకటి తేడా వస్తే సందేశం అక్కడే ఆగిపోతుంది. కారణం వెతికేవాడికి తెర మీద రెండూ అచ్చు ఒకేలా కనబడతాయి, బుర్ర వేడెక్కుతుంది. అందుకని మూసలన్నీ మే నెలలోనే ఆమోదం చేయించి, ప్రతిదాన్నీ ఒక్కో ఫోనుకు నిజంగా పంపి చూసుకోండి. మారే గడులు (అడుగులు, గంట, చేరాల్సిన చోటు) ఖాళీగా ఉంచండి. వరద రోజున కొత్త మూసకు ఆమోదం కోసం కూర్చోలేం.

సెల్ బ్రాడ్‌కాస్ట్

2023లో దేశమంతటా విడతల వారీగా పరీక్షించినప్పుడు ఫోన్లు ఒక్కసారిగా పెద్దగా మోగి జనం ఉలిక్కిపడింది దీనికే. ఇది నంబర్లకు పోదు, టవర్ల నుంచి ఆ పరిధిలోని ఫోన్లన్నిటికీ ఒకేసారి పోతుంది. లక్షమంది ఉన్నా, పదిమంది ఉన్నా పట్టే సమయం ఒకటే. భద్రాచలానికి దర్శనానికి వచ్చిన యాత్రికుడి నంబరు ఏ జాబితాలోనూ ఉండదు, ఈ దారిలో మాత్రం అతనికీ అందుతుంది.

పేజీకి 82 బైట్లు, గరిష్ఠంగా 15 పేజీలు. తెలుగులో పేజీకి దాదాపు 40 గుర్తుల చొప్పున 600 దాకా పడుతుంది. పడుతుంది కదా అని నింపొద్దు; మోగే ఫోనును జనం కంగారుగా నొక్కేస్తారు. 61 గుర్తుల వాక్యమే ముందు, వివరం ఆ తర్వాత.

ఇక్కడి చిక్కు సీరియల్ నంబరుది. ఫోను ఒకసారి చూపించిన సందేశం మళ్లీ వస్తే పారేస్తుంది, నంబరు చూసే గుర్తుపడుతుంది. మాట మార్చి నంబరు మార్చకపోతే కొత్త మాట ఎవరికీ కనబడదు. అప్‌డేట్‌కి నంబరు చివరి 4 బిట్లలో ఉండే అంకె తప్పక ఒకటి పెరగాలి. మళ్లీ మళ్లీ ప్రసారం చేయించండి, ఛార్జింగ్ అయిపోయి అప్పుడే ఫోను తెరిచినవాళ్లకు అది అందేది ఆ మలి ప్రసారాల్లోనే. టవరు పరిధి మీ గీత దగ్గర ఆగదు, రెండుమూడు కిలోమీటర్లు అవతలికీ పోవచ్చు. అందుకే సందేశంలో ఊరి పేరు లేకుండా ‘మీ ప్రాంతం’ అని రాయకూడదు.

ఫోన్లు పోయాక

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు మొబైల్ నెట్‌వర్కులు కుప్పకూలాయి. టవరు నిలబడ్డా కరెంటు లేక, డీజిలు అందక ఆగిపోతుంది. కాబట్టి ప్రతి ఊళ్లో ఫోనుతో సంబంధం లేని ఒక దారి ఉండాలి. పంచాయతీ ఆఫీసు మీదో గుడి మీదో 60 వాట్ల యాంప్లిఫయర్, రెండు హారన్ స్పీకర్లు, 12 వోల్టుల 40 ఏహెచ్ బ్యాటరీ. పావుగంటకోసారి రెండు నిమిషాలు చెప్పినా రాత్రంతా వస్తుంది. బ్యాటరీని నేల మీద కాకుండా 1986 మట్టం కన్నా పైన పెట్టండి. కరెంటు లేనప్పుడు మైకు నడుస్తుందా అన్నది నెలకోసారి మెయిన్ స్విచ్ ఆపి చూస్తేనే తెలుస్తుంది.

ఆ మండలాల్లో కోయ మాట్లాడే ఊళ్లున్నాయి. ఆ భాషలో ఊరివాళ్ల గొంతుతోనే మూడు స్థాయిల హెచ్చరికలూ ముందే రికార్డు చేసి మైకు దగ్గరున్న పెన్‌డ్రైవ్‌లో ఉంచండి. క్యాప్‌లోనూ ‘రిసోర్స్’ గడిలో ఆడియో జతచేయొచ్చు. మైకు కూడా లేనిచోట దండోరా వేసే మనిషి పేరు, ఇల్లు కంట్రోల్ రూము రిజిస్టరులో ఉండాలి.

వెనక్కి తీసుకోవడం

2018 జనవరి 13న హవాయిలో క్షిపణి వస్తోందని పొరపాటున అలర్ట్ వెళ్లింది. అది తప్పని చెప్పే సందేశం ఫోన్లకు చేరేసరికి 38 నిమిషాలు పట్టింది. దిద్దుబాటు మూస ముందే సిద్ధంగా లేకపోవడం అందుకో కారణం. మీ మూసల్లో ‘ముందు పంపినది పొరపాటు’ అన్నది కూడా ఒకటి ఆమోదం పొంది ఉండాలి. దాన్ని వదలడానికి ఎవరి అనుమతి కావాలో, వాళ్లు ఎత్తకపోతే తర్వాత ఎవరో కాగితం మీద ఉండాలి.

పొరపాటున వెళ్లినదానికి ‘క్యాన్సిల్’, వరద తగ్గినప్పుడు రెస్పాన్స్ టైప్ ‘ఆల్ క్లియర్’తో ‘అప్‌డేట్’. ఈ రెండూ వేరు. మొదటి ప్రమాద హెచ్చరిక కూడా ఎత్తేశారంటే నీరు దిగిందనే, ఇల్లు చేరొచ్చని కాదు. ఒండ్రు, పాములు, తెగిన తీగలు మిగిలే ఉంటాయి. ‘హెచ్చరిక ఎత్తేశాం’ అన్నది మొదటి సందేశం. ‘ఇళ్లకు వెళ్లొచ్చు’ అన్నది వేరే సందేశం. కరెంటువాళ్లు లైను చూశామని చెప్పాకే దాన్ని వదలండి.